ఒక్క చుక్కా కింద పడలేదు

కోడుమూరు బస్టాండు ఎదురుగా గంగక్క టీ అంగడి. ఆ అంగడి పంచన, తడిక నీడలో, నా కుట్టు మిషను. పద్దెనిమిదేళ్ళుగా అక్కడ కూర్చుని జాకెట్లు, చొక్కాలు కుడుతున్నాను, అంతకంటే ఎక్కువగా ఓబుళేశు కోతలు వింటున్నాను. నా చెవులు అరిగినంత నా కత్తెర అరగలేదు.

ఓబుళేశు కర్నూల్లో ఆరు నెలలు కంప్యూటరు నేర్చుకుని వచ్చినవాడు. రెండువేల రెండులో మా ఊళ్ళో ఆ విద్య తెలిసినవాడు అతనొక్కడే, కాబట్టి అతనేం చెప్పినా కాదనేవాళ్ళు లేరు. ఎదురుగా నాగసుబ్బయ్య శెట్టి ఎరువుల అంగడి. కర్నూలు యార్డులో శెనిక్కాయల ధర ఇంట్లో కూర్చుని తెలుసుకోవచ్చని ఎవరో చెబితే ఆ శెట్టి ఒక కంప్యూటరు కొన్నాడు, ఫోను తీగలోంచి దానికి ఇంటర్నెట్ తెచ్చే మోడెమ్ అనే చిన్న పెట్టె కొన్నాడు. బిగించే పని ఓబుళేశుకు అప్పజెప్పాడు. ఇది జరిగి ఇరవై రోజులు.

ఆ పొద్దు మాత్రం టీ అంగడి దగ్గర ఎవరికీ స్థిమితం లేదు. గంగక్క కూతురు మధులత టీచరు పోస్టుల పరీక్ష రాసింది. ఎంపికైనవాళ్ళ నంబర్లు కర్నూలు ఆఫీసు గోడకు అంటించారని, ఇంటర్నెట్‌లో కూడా పెట్టారని ముందు రోజు తెలిసింది. నంబరు ఉన్నవాళ్ళు ఈ పొద్దు మధ్యాహ్నం రెండు లోపల సర్టిఫికెట్లు పట్టుకుని కర్నూలుకు రావాలి. రాకపోతే ఆ పోస్టు తర్వాతివాళ్ళకు పోతుంది. ఆ వేళకు చేర్చే ఆఖరి బస్సు పదకొండు గంటలది.

కానీ మధులతకు బస్సుతో పనిలేకుండా పోయింది. శెట్టి, ఆయన భార్య నాగరత్నమ్మ ఒంటిమిట్ట తిరునాళ్ళకు పోయారు. అంగడి తాళం ఓబుళేశు దగ్గరుంది. నిన్న సాయంత్రం గంగక్క బతిమాలితే అతను లోపలికి పోయి, అరగంట తర్వాత బయటికొచ్చి, "ఇంటర్నెట్లో చూసినాక్కా, పాప నంబరు లేదు" అని చెప్పేశాడు. అప్పట్నుంచి ఆ పిల్ల అన్నం ముట్టలేదు. పొయ్యి వెనక కూర్చుని, కడిగిన గ్లాసులనే మళ్ళీ మళ్ళీ కడుగుతోంది.

తొమ్మిదిన్నరకు ఓబుళేశు వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. కూర్చున్నాడే గాని మోకాలు ఆగదు, చేయి ఆగదు, చూపు ఒకచోట నిలవదు. గంగక్క టీ గ్లాసు చేతికిచ్చి, వదలకుండా పట్టుకునే అడిగింది.

"ఓబుళేశూ, సరిగ్గా చూసినావాప్పా? యాడన్నా కండ్లు తప్పిండవు గదా?"

ఆ ఒక్క మాటకు మొదలుపెట్టాడు.

"ఏమక్కా, నన్ను పట్టుకోని ఆ మాటంటావా? శెట్టి అంగట్లో ఇంటర్నెట్ పెట్టిందెవురు? నేను. ఒక్కణ్ణి. సాయానికి ఒక్క పురుగు గూడా లేదు. ఆ పొద్దు ఆదివారం. రాహుకాలం పోయేదాకా పెట్టె తాకొద్దు అన్యాడు శెట్టి, సరే అని గమ్మున కూచుంటి. దానికి పన్నెండు తీగలుంటాయి, ఏది యాడ దూర్చల్లనో పుస్తకంలో రాసుంటాది, పుస్తకం ఇంగ్లీషులో తొంభై పేజీలు. నేను తెరవనే లేదు. అట్ల చేతిలో పెట్టుకోని బరువు చూసినా, అర్థమైపోయింది. పది నిమిషాల్లో తీగలన్నీ దూర్సినా. నాగరత్నమ్మవ్వ వచ్చి పెట్టెకు పసుపు పూసి కుంకం బొట్లు పెట్టె. మన తట్టు కొత్త మిషను ఏది ఇంటికొచ్చినా టెంకాయ కొట్టకుండా మొదలుపెట్టరు గదా, లారీ అయినా, బోరు మోటరైనా. శెట్టి టెంకాయ తెచ్చి నా చేతిలో పెట్టె, నీ చేయి మంచిదప్పా, నువ్వే కొట్టు అని. నేను దాన్ని నేలకేసి కొట్టలేదు, రాతికేసి కొట్టలేదు. పెట్టె మీదనే పట్టుకోని, మచ్చుకత్తి తిరగేసి ఒక్క దెబ్బ! రెండు చిప్పలు సమానం. తక్కెట్లో ఏస్తే ఇటు మొగ్గదు, అటు మొగ్గదు. నీళ్ళు అట్ల ఎగిరినాయి చూడు, దూలం దాకా! ఒక్క చుక్కా కింద పడలేదు."

"కింద పడకుంటే యాడికి పోయినాయప్పా?" అన్నాడు పెద్ద ఈరన్న. ఊరి బయట ఆరెకరాల మెట్ట చేను ఆయనది. పొద్దున్నే టీకి వచ్చి, ఆకాశం చూసుకుంటూ మధ్యాహ్నం దాకా కూర్చుంటాడు.

"ఎండాకాలం కాదా ఈరన్న మామా, గాల్లోనే ఇగిరిపోయినాయి."

బల్ల చివర కూర్చున్న బసవన్నకు నవ్వాగక టీ ముక్కులోకి పోయింది. బసవన్న శెట్టి అంగడి గుమాస్తా. నిన్న పొద్దున తాళం ఓబుళేశు చేతిలో పెట్టి కర్నూలుకు ఎరువుల లోడు కోసం పోయినవాడు, అప్పుడే లారీ దిగి వచ్చాడు. మధులత సంగతి అతనికింకా ఎవరూ చెప్పలేదు. ఓబుళేశు కోతలకు మేమందరం నవ్వుతాం గాని, ఈ ఇరవై రోజులుగా ఇంటర్నెట్ కోతలకు మాత్రం బసవన్న నవ్వే నవ్వు వేరేగా ఉండేది.

"నవ్వు బసవన్నా, నవ్వు. అసలు పని అప్పుడు మొదలాయె. పెట్టెకి ఫోను తీగ తగిలిచ్చి నంబరు తిప్పితి. పెట్టె అరిసింది. కీ... కుయ్... గర్ర్ర్... అని. అది అరుపు కాదక్కా, దాని భాష. ఈ పెట్టె హైదరాబాదులో ఉండే పెద్ద పెట్టెని 'బాగుండావా' అంటాది, అది 'బాగుండా, నువ్వెవురి తాలూకా' అంటాది. ఇద్దరూ మాట కలుపుకున్యాంక మనకు తలుపు తీస్తారు. మాట కలిసేలోపల కట్! మళ్ళీ తిప్పితి, మళ్ళీ కట్. పదిసార్లు, ఇరవైసార్లు. ఇంగొకడైతే పెట్టె ఎత్తి నేలకు కొట్టుండు. నేనేం చేస్తి? చెప్పులేసుకోని బయలుదేరితి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్పప్పా, చెప్పందే వదలవు గదా," అన్నాడు పెద్ద ఈరన్న.

"కోడుమూరు నుంచి కల్లూరు దాకా ఫోను స్తంబాలు ఎన్నుండాయో మీలో ఒక్కరికన్నా తెలుసునా? ఎనిమిదొందల నలభై ఆరు. ఒక్కొక్కదానికి చెవి పెట్టి ఇనుకుంటా నడిస్తి. అన్నీ బాగుండాయి. ఆరొందల పన్నెండో స్తంబం కాడ మాత్రం చప్పుడు తేడా. పైకి చూస్తే తీగ ఊయాల మాదిరి కిందికి జారుండాది. అక్షరాలు ఆ పల్లంలోకి జరజరా దిగుతాండాయి, మళ్ళీ మిట్ట ఎక్కలేక ఆడనే గుట్టపడి ఉండాయి! తెలుగక్షరాలు అడుగున, ఒత్తులు, గుణింతాలు ఉంటాయి గదా, బరువెక్కువ. ఇంగ్లీషువి వాటి మీద కూచోనుండాయి. పంచె ఎగ్గట్టి ఎక్కితి. భుజం మీది టవాలు తీసుకోని ఊడిస్తి. కొన్ని హైదరాబాదు తట్టు దొర్లె, కొన్ని కోడుమూరు తట్టు దొర్లె. మరుసటి పొద్దు పేపర్లో అన్ని అచ్చుతప్పులు ఎందుకుండాయి అనుకుండారు మీరంతా?"

నేను మిషను ఆపి నవ్వాను. నిజం చెప్పాలంటే, ఓబుళేశు కోతలు విననిదే నాకు కుట్టు సాగదు. కాజాలు ఎక్కువ సంఖ్యలో కుట్టాల్సి వచ్చినప్పుడు అతను రాలేదంటే నాకే దిగులు.

అంతలో పది గంటల బస్సు వచ్చింది. కండక్టరు దిగి "కర్నూల్, కర్నూల్" అని అరిచాడు. మధులత తలెత్తి బస్సును చూసి, మళ్ళీ గ్లాసుల మీదికి వంగింది. గంగక్క పొయ్యిలో కట్టె అవసరం లేకుండానే ఎగదోసింది. ఓబుళేశు కూడా ఆ బస్సు పోయేదాకా దాన్నే చూశాడు. పోయాక బల్ల మీద ఈ చివర నుంచి ఆ చివరకు జరిగి కూర్చుని, గొంతు ఇంకాస్త పెంచాడు.

"తిరిగొచ్చి చూస్తే పెట్టె గొంతు పోయుండాది! అరిసి అరిసి. మనిషికైతే మిరియాల కషాయం కాంచి పోస్తాం, పెట్టెకేం పోసేది?"

"టెంకాయ నీళ్ళు పోయాల," అన్నాడు బసవన్న, మళ్ళీ ఒక్కడే పడీ పడీ నవ్వుతూ.

ఓబుళేశు ఆ మాట వినబడనట్టు దాటిపోయాడు. "నేను మూడు దినాలుగా దాని అరుపు ఇంటాండా గదా, నాకు నోటికొచ్చేసింది. ఫోను ఎత్తుకోని నేనే ఈల ఏస్తి. ఎట్ల అంటావా? ఇట్ల." అని, రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని వేశాడు. కీ... కుయ్... గర్ర్ర్! బల్ల కింద పడుకున్న కుక్క లేచి ఎండలోకి పోయింది. బస్టాండులో ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు. అది మాత్రం బాగా వేశాడు, ఒప్పుకోవాలి.

"హైదరాబాదు పెట్టె నమ్మేసె. నన్నే పెట్టె అనుకునె. తెర మీద 'రండి' అని పడె. కానీ ఈల ఆపితే లైను కట్ అయితాది గదా? అందుకని రెండు గంటలు ఊపిరి పీల్చకుండా ఈల ఏస్తా, కాలి బొటనేలితో కీబోర్డు కొడతా ఉంటి."

"ఆకలెయ్యలేదాప్పా?" అన్నాడు పెద్ద ఈరన్న.

"ఏసె. నాగరత్నమ్మవ్వ వంటింట్లోంచి చింతపండు పులుసు వాసన వస్తాంటే అది పీల్చుకుంటా గడిపితి."

"ఊపిరి పీల్చలేదంటివే?"

"వాసన పీల్చేది ఊపిరి కిందికి రాదు మామా. నువ్వు కోర్సు చెయ్యలేదు కాబట్టి నీకు తెలీదు. ఇంగ స్పీడు సంగతి ఇను. ఊళ్ళో అందరికీ ఈ పెట్టెల్లో యాభై ఆరు దాకా వస్తాది స్పీడు, అదీ దేవుడు మేలు చేస్తే. నేను ఈల రవంత గట్టిగ ఏస్తి. ఐదొందలు! ఇంగా గట్టిగ ఏస్తి. ఐదువేలు! ఊరి మీది తీగలన్నీ కాగిపోయె. పిచ్చుకలు తీగ మీద ఒక కాలు ఎత్తి ఒక కాలు దించుకుంటా చిందులేసె. పోస్టాఫీసు పక్క సిద్దమ్మత్త మిద్దె మీద వడియాలు ఎండేసుకోనుండె. తీగ కిందనే. వడియాలు వేగిపోయె! నూనె లేకుండా! నమ్మకుంటే పోయి అడుగు, రెండు తెచ్చి నాకు పెట్టె గూడాను."

సిద్దమ్మకు మిద్దె లేదు, ఆమెది బోదగడ్డి కప్పిన కొట్టం. అది అందరికీ తెలుసు. అయినా ఎవరూ ఆ మాట అనలేదు.

"ఈరన్న మామా, పోయిన మంగళవారం వాన పడె, జ్ఞాపకముండాదా? బస్టాండుకు ఈ తట్టు తడిసె, ఆ తట్టు దుమ్ము లేసె."

"ఎందుకుండదప్పా. నా చేను ఆ తట్టే."

"ఆ వాన ఎవురిది అనుకుండావు?"

"దేవునిది."

"దేవునిది కాదు మామా, నాది! చిరపుంజిలో మేఘాలు ఎక్కువైపోయి, యాడ పెట్టుకోవల్లనో తెలీక, ఎవురికి కావాలంటే వాళ్ళు తీసుకోపోండి అని ఇంటర్నెట్లో పెట్టిండారు. బొమ్మ కాదు, మేఘమే. నల్లంగ, ఏనుగులు మంద కట్టినట్లుండె. నేను దించుకుంటా అని నొక్కితి. ఒక శాతం దిగె, రెండు శాతం దిగె. ఫోను తీగ చెమ్మగిల్లె. పది శాతానికి శెట్టి అంగట్లో యూరియా బస్తాలు తడిసిపోతాండాయి. కిటికీ తెరిస్తి. మేఘం కిటికీలోంచి పోయి బస్టాండు మీద నిలబడె. యాభై శాతం! ఆ తర్వాత ఏమైందో తెలుసా? పైన ఇంట్లో నాగరత్నమ్మవ్వ ఇంగొక ఫోను ఎత్తె! నంద్యాల్లో చెల్లెలికి ఆవకాయ సంగతి చెప్పాలంట. ఒకే లైను గదా, పైన ఎత్తితే కింద కట్. సగం మేఘం ఈడ, సగం ఆడ. అందుకే సగం ఊరే తడిసె."

మేము నవ్వుతున్నాం. పెద్ద ఈరన్న నవ్వలేదు. బల్ల మీద ముందుకు జరిగి అడిగాడు.

"ఆ మిగిలిన సగం ఏమాయెప్పా?"

"కల్లూరు కాడ తీగలో ఇరుక్కోనుండాది. ఒక పొద్దు పోయి లాగల్ల."

"లాగితే మా చేని తట్టు ఇడువప్పా. రెండేండ్లాయె ఇత్తనం మొలిచి."

కోత అని ఆయనకు తెలుసు. తెలిసి కూడా అడిగాడు. ఓబుళేశు టీ లేని గ్లాసును నోటి దగ్గర పెట్టుకుని దించాడు. చూపు మళ్ళీ రోడ్డు మీదికి పోయింది. బస్టాండు గడియారంలో పదకొండుకు ఇంకా పది నిమిషాలుంది.

"అట్లే ఇడుస్తా మామా. నేను చెప్పేదేందంటే గంగక్కా, మేఘాన్ని దించినోనికి ఒక నంబరు చూసేది ఎంత పని? నిన్న సందెకాడ తెరిస్తి. పన్నెండు లక్షల నంబర్లు! తుంగభద్ర పారినట్లు తెర మీద పోతాండాయి. చేయి అడ్డం పెట్టి ఆపితి. ఒక్కొక్క నంబరునీ నిలబెట్టి, 'నువ్వు మా మధులతవా' అని అడిగితి. కాదు అనె. ఇంగొకదాన్ని అడిగితి. కాదు అనె. పైనుంచి కిందికి మూడుసార్లు, కిందినుంచి పైకి మూడుసార్లు. కండ్లల్లో రక్తం దిగె. లేదక్కా. ఉంటే నేను ఎత్తుకొచ్చి నీ ఒళ్ళో పెట్టనా? పాపా, నువ్వేం బాధపడొద్దు, వచ్చే ఏడు..."

"ఏమన్యావు?"

బసవన్న అన్నాడు ఆ మాట. నవ్వు ఎప్పుడు ఆగిందో గాని మొహంలో దాని జాడ లేదు.

"మధులత నంబరు చూసినావా? నిన్ననా? శెట్టి అంగట్లోనా?"

"అవునప్పా, నువ్వు ఊళ్ళో లేవు..."

"ఆ పెట్టెతోనా?"

బసవన్న గంగక్క వైపు చూశాడు, పొయ్యి వెనక కూర్చున్న పిల్లను చూశాడు, బస్టాండు గడియారం చూశాడు. గ్లాసు బల్ల మీద పెట్టి, చేయి చాచి ఓబుళేశు దగ్గర తాళం తీసుకుని రోడ్డు దాటాడు.

"బసవన్నా, పెట్టె ఇప్పుడు ముట్టొద్దప్పా, నిన్న వాడింది, వేడిగుంటాది!" అని అరిచాడు ఓబుళేశు. అతను ఆగకపోయేసరికి మా వైపు తిరిగి, గబగబా, "ఆ తర్వాత ఏమైందో తెలుసా? అమెరికా నుంచి ఒకడు..." అని అందుకున్నాడు. ఎవరూ వినలేదు. అందరం ఎదురంగడి తలుపు వైపే చూస్తున్నాం. నేను మిషను మీద నుంచి కాళ్ళు తీసేశాను.

బసవన్న వచ్చాడు. చేతిలో అరచేతికి కాస్త పెద్దదైన నల్ల పెట్టె. దాని మీద పసుపు చారలు, మూడు కుంకుమ బొట్లు ఎండిపోయి పగిలున్నాయి. దాన్ని బల్ల మీద తిరగేసి, అరచేత్తో గట్టిగా రెండు దెబ్బలు వేశాడు. మొదట ఏమీ రాలేదు. తర్వాత గాలి పోయే సన్న సందుల్లోంచి ఒక ఎర్ర చీమ వచ్చింది. దాని వెనక ఇంకొకటి. ఆ తర్వాత లెక్కలేనన్ని, గుడ్లు నోట పట్టుకుని, బల్లంతా పరుచుకున్నాయి.

"ఈరన్న మామా, టెంకాయ నీళ్ళు యాడికి పోయినాయని అడిగితివి గదా," అన్నాడు బసవన్న. "ఈడికి పోయినాయి. ఓబుళేశు ఆ ఒక్కటీ నిజమే చెప్పినాడు. ఒక్క చుక్కా కింద పడలేదు."

ఎవరూ నవ్వలేదు.

"పూజ చేసిన పొద్దే ఇది సచ్చిపోయిందక్కా. లైట్లు రెండు వెలిగి ఆరిపోయె. కీ అనలేదు, కుయ్ అనలేదు. ఆ ఈల ఏదో కర్నూల్లో కోర్సు కాడ ఇనొచ్చింటాడు. శెట్టికేమో లైను బాగలేదని చెప్తా వచ్చినాడు. కోతలే గదా, ఎవురికేం నష్టమని నేను నవ్వుకుంటా ఊరకుంటి. పాప సంగతి నాకు తెలీదక్కా. తెలిసుంటే నిన్ననే..."

గంగక్క చేతిలో గరిటె ఉంది. అది ఓబుళేశు నెత్తిన పడుతుందనే నేననుకున్నాను. పడాలనే కోరుకున్నాను. పద్దెనిమిదేళ్ళు అతని మాటలకు నవ్వినవాణ్ణి, ఆ నిమిషంలో ఆ మనిషిని చూస్తే ఒళ్ళు మండిపోయింది. గంగక్క గరిటె పక్కన పెట్టి అతని ముందుకొచ్చి నిలబడింది.

"అంటే నువ్వు చూళ్ళేదా?"

ఓబుళేశు పంచె మీదికెక్కిన చీమలను దులుపుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"చూళ్ళేదక్కా."

"చూడకుండా లేదని ఎట్ల చెప్పినావప్పా?"

"ఉండాదంటే మీరు కర్నూలుకు పోతిరి. ఆడ లేకుంటే నేను దొరికిపోతి. లేదంటే..." అతను ఇంకో చీమను దులుపుకున్నాడు. "లేదంటే ఎవురూ పోయి చూడరు గదా అనుకుంటి."

గంగక్క కళ్ళు మూసుకుని తెరిచింది. "పాపా, ఇట్రా. ఓబుళేశూ, నిన్న నువ్వు చెప్పింది అబద్ధమని ఒక్కసారి నీ నోటితో చెప్పు. పాప ఇనాల."

"అబద్ధం, పాపా."

"ఇంత చిన్న కథ నువ్వెప్పుడూ చెప్పలేదప్పా," అన్నాడు పెద్ద ఈరన్న.

మధులత అప్పటికే తడి చేతులు పైటకు తుడుచుకుంటూ లోపలికి పరిగెత్తింది. ట్రంకుపెట్టె మూత పడిన చప్పుడైంది. సర్టిఫికెట్ల కవరు గుండెలకు పెట్టుకుని వచ్చేసరికి, బస్టాండు లోపల నుంచి పదకొండు బస్సు కదిలి రోడ్డెక్కింది. కిక్కిరిసిన బస్సు, కండక్టరు ఫుట్‌బోర్డు మీదే ఉన్నాడు. "ఆపండి, ఆపండి" అని మేము అరిచిన అరుపులు ఇంజను చప్పుడులో కలిసిపోయాయి. ఆ పిల్ల చెప్పులు జారిపోతున్నా ఆగకుండా పరిగెత్తుతోంది. బస్సు మలుపు దగ్గరికి పోతోంది.

అప్పుడు ఓబుళేశు బల్ల ఎక్కాడు. చీమలను తొక్కుకుంటూ నిలబడి, రెండు వేళ్ళు నోట్లో పెట్టుకున్నాడు.

కీ... కుయ్... గర్ర్ర్!

బస్సు కింద ఏదో విరిగిందనుకున్నాడేమో డ్రైవరు, బ్రేకు వేసేశాడు. దిగి చక్రాల వైపు వంగి చూస్తుండగా మధులత వెనక తలుపు దగ్గరికి చేరుకుంది. ఎవరో చేయి అందించి లోపలికి లాగారు. ఇరవై రోజుల్లో ఆ ఈల కలిపిన లైను అదొక్కటే.

"ఎస్‌టీడీ బూతు నుంచి శెట్టి అంగడికి ఫోన్ చెయ్ పాపా!" అని బసవన్న రోడ్డు మధ్య నిలబడి అరిచాడు. కిటికీలోంచి ఆ పిల్ల చేయి ఊపింది.

ఆ తర్వాతి మూడు గంటలు ఎట్లా గడిచాయో నాకు తెలీదు. ఒక చొక్కాకు కుడి చేయి రెండుసార్లు కుట్టాను. గంగక్క టీలో చక్కెర మరచిపోయింది, ఎవరూ అడగలేదు. పెద్ద ఈరన్న ఆకాశం వదిలి గడియారం పట్టుకున్నాడు. ఓబుళేశు శెట్టి అంగడి మెట్టు మీద, ఫోను కనబడేటట్టు కూర్చున్నాడు. టీ ఇస్తే తాగలేదు. అతను అంతసేపు నోరు మూసుకోవడం నేను చూడటం అదే మొదలు. రెండుసార్లు వేరే ఎవరో ఎరువుల కోసం ఫోన్ చేశారు. రెండుసార్లూ ఓబుళేశు మొహం తెల్లబడిపోయింది.

రెండు దాటి పదిహేను నిమిషాలకు ఫోను మళ్ళీ మోగింది. మేమందరం రోడ్డు దాటి పోయాం. అతను ఫోనుకు మూరెడు దూరంలో ఉండి కూడా ముట్టలేదు.

"నువ్వే ఎత్తక్కా," అన్నాడు. "నేను ఎత్తి చెప్తే, ఏది చెప్పినా మీరు నమ్మరు."

గంగక్క ఎత్తింది. ఊ అంది. మళ్ళీ ఊ అంది. "అన్నం తిను ముందు" అంది. పెట్టేసింది. కాసేపు ఆ ఫోను మీదనే చేయి ఉంచి నిలబడింది. తర్వాత తిరిగి మమ్మల్నందర్నీ ఒక్కొక్కరినే చూసి, చివరకు ఓబుళేశు దగ్గర ఆగింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా, ఓబుళేశూ?"

అతను మెట్టు మీద నుంచి లేచి నిలబడ్డాడు.

"తెలీదక్కా," అన్నాడు. "నువ్వే చెప్పు."

"గోడ మీద నంబరుండాదంట. సర్టిఫికెట్లు గూడా చూసినారంట," అంది గంగక్క, శెట్టి అంగడి అరుగు మీదే చతికిలబడి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని.